పన్ను పీకనన్న డాక్టరమ్మ

ఈమధ్య పొద్దున లేవగానే చన్నీళ్ళతో ముఖం కడుక్కుంటున్నాను. చదివేవాళ్ళకు ఇదొక చెప్పుకోవలసిన సంగతిగా అనిపించకపోవచ్చు. చాలాకాలం నేను ఆ పని చేయలేకపోయాను. చెంప మీద చీర కొంగు తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. ఆ రోజులు గడిచాయి కనుక ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను. పంటి డాక్టరును వెతుక్కునేవాళ్ళకు పనికొస్తుందని కొంత, రాసుకుంటే నా మనసు కుదుటపడుతుందని కొంత.

నేను బస్సు కండక్టర్‌ని. కొత్తగూడెం నుంచి సత్తుపల్లి వైపు తిరుగుతాను. మాది టేకులపల్లి దగ్గర తండా. మా ఆయన లచ్చిరాం పత్తీ మిర్చీ వేస్తాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీలోనే అయినా ఆ మాటలను ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

అనుమానం నా ఉద్యోగంలో భాగం. "టికెట్ తీసుకున్న" అనే మనిషి నిజంగా తీసుకున్నాడో లేదో గొంతు విని చెప్పగలను. ఆధార్ కార్డులో ఫొటో ఒకరిది, ఎదురుగా నిలబడ్డ ముఖం ఒకరిది అయితే నా కన్ను దాటిపోదు. అలాంటి నేను దవాఖానా మెట్లెక్కితే మాత్రం ఎవరేది చెబితే దానికి తలూపాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి ఎండాకాలం

ఇప్పపూలు రాలే రోజులు. బస్సు దమ్మపేట చేరుతోంది. డోరు దగ్గర నిలబడి ఊరి పేరు అరుస్తున్నాను. "దమ్మ" అన్నానో లేదో, కుడి దవడలో కరెంటు తీగ పెట్టినట్టయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అంతలోనే పోయింది. వెనక సీట్లో ఎవరో, "ఏందమ్మా, సగం ఊరే వచ్చిందా?" అని నవ్వారు. నేనూ నవ్వేశాను.

మర్నాడు పళ్ళు తోముకుంటుంటే మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ముఖం కడుక్కుంటుంటే, అన్నం నములుతుంటే, బస్సు కదిలి గాలి కొడుతుంటే వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒక్క క్షణమే. ఆ క్షణంలో కంటిలో నీళ్ళు తిరిగేవి, చేతిలో ఉన్న టికెట్ మిషన్ జారిపోయేది. అది పోయాక మళ్ళీ రాదు కదా అని ఎదురుచూస్తూ ఉండే సమయం ఇంకా ఘోరంగా ఉండేది.

పన్నే అనుకున్నాను. ఎవరైనా పన్నే అనుకుంటారు.

మా ఆయన పెదనాన్న కొడుకు బాలు బావ తండాలో ఆర్‌ఎంపీ. జ్వరమొచ్చినా పాము కరిచినా ముందు ఆయన దగ్గరికే పోతాం. నాలుగైదు రోజులు గోళీలిచ్చి, తగ్గలేదంటే కొత్తగూడెంలో ఒక పంటి దవాఖానా పేరు చెప్పాడు.

"మనోడే సరోజా. మంచి డాక్టర్. నేను చెప్పిన్నంటే మంచిగ చూస్తడు," అన్నాడు.

లచ్చిరాం, బాలు బావ, నేను ముగ్గురం వెళ్ళాం. వెయిటింగ్ రూములో గోడ నిండా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. నేను చెంప పట్టుకుని ఆ బొమ్మ కింద కూర్చున్నాను. అడక్కుండానే బాలు బావకు చాయ్ వచ్చింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఆయన్ను పేరు పెట్టి పలకరించింది. ఆ రెండూ చూశాను. చూసి ఊరుకున్నాను.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఎక్స్‌రే తీసి, "ఇదిగో మేడం, ఈ పంటి కింద నీడ కనబడుతున్నది చూడండి," అన్నాడు. నాకు అంతా బూడిదరంగే కనబడింది. ఎక్కడ అని మళ్ళీ అడిగితే పెన్నుతో చూపించాడు. మొదట చూపిన చోటూ రెండోసారి చూపిన చోటూ ఒకటి కాదనిపించింది. లచ్చిరాం నా మోచెయ్యి నొక్కాడు.

"ఆయన సదువుకున్నోడు. నువ్వేమన్న తనిఖీకి వచ్చినవా?" అన్నాడు నెమ్మదిగా.

పంటి వేరు శుభ్రం చేసి, పైన టోపీ పెట్టారు. కొద్దిరోజులు నొప్పి రాలేదు. బాలు బావ నన్ను చూసినప్పుడల్లా, "చెప్పలేదా మరి?" అనేవాడు. అత్త కోడిని కోసింది. ఆ కూర తింటుండగానే మళ్ళీ కొట్టింది, ముందుకంటే గట్టిగా. ముద్ద కంచంలోనే పడిపోయింది.

మళ్ళీ వెళితే ఇన్ఫెక్షన్ ఎక్కువైందన్నాడు, ఇక తీసేయడమే మేలన్నాడు. తీసేశాడు. పుండు మానింది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

"పన్నే లేదు గదా సార్, నొప్పెట్ల వస్తది?" అని అడిగాను.

"మానడానికి టైమ్ పడుతుంది మేడం," అన్నాడు, నా వైపు చూడకుండా.

వానలు పడ్డాక

ఆ వానాకాలం నేను మనిషిలా బతకలేదు. ఎడమ పక్కకు తల వాల్చి, చల్లార్చిన జావ గుక్కలు గుక్కలుగా మింగేదాన్ని. కుడి పక్క బ్రష్ పెట్టడం మానేశాను. ఎవరైనా పలకరిస్తే చేత్తోనే జవాబు. మా తండాలో ఆడవాళ్ళు నాకు ఉద్యోగం వచ్చాక పొగరెక్కిందనుకున్నారట. నవ్వినా నొప్పే కనుక నవ్వడం మానేశాను. నవ్వని మనిషి గురించి లోకం ఏమైనా అనుకుంటుంది.

డ్యూటీలో మా డ్రైవర్ నర్సయ్య అన్న లేకపోతే నా ఉద్యోగం ఏమయ్యేదో. నీకేమైందని ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఒకరోజు బస్సెక్కేసరికి డోరు పక్కన ఊడిపోయిన అద్దం చోట మందపాటి రెగ్జిన్ ముక్క బిగించి ఉంది. గాలి నా చెంపకు తగలడం లేదు. బస్సు కదిలాక ఆయనే స్టీరింగ్ ముందు నుంచి ఊళ్ళ పేర్లు అరవడం మొదలుపెట్టాడు. జనం వింతగా చూశారు.

"ఏందన్నా, కండక్టరమ్మ మాట్లాడదా?" అని ఎవరో అడిగారు.

"ఆమె టికెట్ కొడ్తది, నేను ఒర్రుత. నీకేం తక్కువైంది? ఎక్కడ దిగాల్నో చెప్పు," అన్నాడు.

ఆ రోజు నేను వెనక్కి తిరిగి నిలబడి కళ్ళు తుడుచుకున్నాను, ఎడమ కన్ను ముందుగా, కుడి కన్ను భయం భయంగా.

ఇంట్లో మాత్రం రోజురోజుకూ పాడైంది. అత్తకు ఇది రోగం కాదని నమ్మకం కుదిరింది. పక్కింటి వాళ్ళతో పొలం గట్టు తగాదా ఉంది. వాళ్ళే ఏదో చేయించారని ఆమె వాళ్ళతో మాటలు మానేసింది. లచ్చిరాంకు ఇంకో అనుమానం. డ్యూటీ ఎగ్గొట్టడానికి కాదుగదా అని నోటితో అనలేదు. ఒకరోజు చేను నుంచి వచ్చి నన్ను కాసేపు గమనించి, "ఇప్పుడు మంచిగనే ఉన్నవ్ గదా?" అన్నాడు. అప్పుడు నిజంగానే బాగున్నాను. నొప్పి రాని క్షణాల్లో ఎవరు చూసినా నాకేమీ లేదనే అనుకుంటారు. నా ముఖం మీద వాపు లేదు, రక్తం లేదు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

"నేను అబద్ధం చెప్తున్ననా?" అని అరిచాను. అరిచినందుకు దవడలో మెరుపు కొట్టి నేల మీద కూలబడ్డాను. ఆయన పరుగెత్తుకొచ్చి పట్టుకోబోయాడు. ముట్టుకోవద్దని చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన చేతులు గాల్లోనే ఉన్నాయి.

దసరాకు ముందు

ఈసారి బాలు బావ ఖమ్మంలో పెద్ద దవాఖానా పేరు చెప్పాడు. నేను వద్దన్నాను. ఆయనకు అందులో ఏదో ముడుతుందని మొగుడితో అనేశాను. లచ్చిరాంకు కోపం వచ్చింది.

"నీకు అందరి మీద అనుమానమే. మా అన్న మీద గూడనా? చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎత్తుకొని బడికి తీస్కపోయిండు."

"నిన్ను ఎత్తుకున్నడు. నా పన్ను పీకించిండు," అన్నాను.

చివరికి నొప్పే నన్ను ఖమ్మం తీసుకెళ్ళింది. బాలు బావను మాత్రం రానివ్వలేదు, లచ్చిరాం ఒక్కడే తోడొచ్చాడు. మెరిసిపోయే నేల, ఒకే రంగు బట్టలేసుకున్న అమ్మాయిలు, మొదటి పరీక్ష ఉచితమని బోర్డు. ఉచితం అన్న మాట చూస్తేనే నాకు జాగ్రత్త మొదలవుతుంది. లోపలికెళ్ళగానే ఒక అమ్మాయి వచ్చి, నేనింకా నోరు తెరవకముందే, కట్టుడు పళ్ళు ఎలా ఉంటాయో టీవీలో చూపించింది. ఎముకలోకి మర బిగించి పైన పన్ను పెడతారట.

"నాకు నొప్పని వచ్చిన. పళ్ళు కావాలని రాలే," అన్నాను.

"అదే మేడం, పర్మనెంట్ సొల్యూషన్," అని నవ్వింది.

కుర్చీలో పడుకోబెట్టి మెడకు నీలం గుడ్డ కట్టారు. చిన్న డాక్టరు చూసి, వెనక నుంచి రెండో పన్ను తీయాలన్నాడు. అతను బయటికి వెళ్ళాక పెద్ద డాక్టరు వచ్చాడు. ఆయన చూసి, ముందున్న పన్ను, దాని పక్కది తీసి మరలు బిగిద్దామన్నాడు.

"సార్, ఇందాక ఆ సారు వెనకది అన్నడు," అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "అదీ చూద్దాం. మూడూ చేసేస్తే మళ్ళీ ఇబ్బంది ఉండదు."

అప్పుడు దిగింది నా మత్తు. బస్సులో తడబడ్డ మనిషి ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకో రెండు కలుపుతాడే, ఆ గొంతు అది. అబద్ధమో, తెలియనితనమో నాకు తెలియదు కానీ ఆ గొంతు మాత్రం నాకు బాగా తెలుసు. కుర్చీలోంచి లేచాను. నర్సు, "మేడం, మేడం" అంటున్నా ఆగలేదు. మెడలో నీలం గుడ్డతోనే రోడ్డు మీదికి వచ్చేశాను. లచ్చిరాం వెనకాలే వచ్చాడు.

"పరువు తీసినవ్," అన్నాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. దారి మధ్యలో నా మెడలో గుడ్డ విప్పి నా ఒళ్ళో పెట్టాడు.

చలి మొదలయ్యాక

పండగ రద్దీ తగ్గాక ఒక మధ్యాహ్నం సత్తుపల్లి నుంచి తిరిగి వస్తున్నాం. బొగ్గు లారీల వెనక బస్సు నత్తలా నడుస్తోంది. ముందు సీట్లో ఒక ముసలమ్మ పక్కామెతో గొడవ చెప్పుకుంటోంది.

"పన్ను పీకమని సత్తుపల్లి పోతే పీకనంటదే ఆ డాక్టరమ్మ! కదుల్తున్నది, తీసెయ్యమ్మా అంటే, ఇంకా కొన్నేండ్లు ఉంటది, మంచిగ తోముకో పో అన్నది. బస్సెక్కి పోయింది ఎందుకు? తోముకోమని చెప్పించుకునేటందుకా? అదేం డాక్టరే?"

నేను టికెట్ కొట్టడం ఆపేశాను. పొగిడినవాళ్ళ మాట విని రెండు చోట్లకు వెళ్ళాను. ఈమె తిడుతోంది. తనకొచ్చే పనిని తానే వద్దనుకున్న డాక్టరు అన్నమాట. ఎవరికోసం వద్దనుకుంటుంది? ఆ ప్రశ్నకు నాకు చెడ్డ జవాబేదీ తట్టలేదు. ముసలమ్మ దగ్గరికి వెళ్ళి ఆ దవాఖానా ఎక్కడో అడిగాను.

"నువ్వు గూడ పోకు బిడ్డా, పీకదు," అంది.

సెలవు రోజున ఒక్కదాన్నే వెళ్ళాను. ఇంట్లో డ్యూటీ అని చెప్పాను. ఎరువుల దుకాణం పక్క సందులో, పాత ఇంటి ముందుగది. గోడ మీద నవ్వే బొమ్మలేవీ లేవు. రెండు బెంచీలు, ఒక ఫ్యాను. నా పక్కన పామాయిల్ తోటలో పనిచేసే ఒకామె కూర్చుంది. నేను చెంప పట్టుకోవడం చూసి లేచి, ఏమీ అనకుండా ఫ్యాను ఆపి వచ్చింది. చలికాలమైనా ఆ ఇరుకు గదిలో మధ్యాహ్నపు ఉక్కకు అందరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఎవరూ మళ్ళీ ఫ్యాను వేయలేదు.

డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారని తర్వాత తెలిసింది. మాటలో ఆ యాస ఉంది, తొందర ఉంది, నవ్వు లేదు.

"ఏమ్మా, ఎప్పట్నుంచి?"

చెప్పాను. అన్నీ చెప్పలేదు. పన్ను తీశారన్నాను, ఎవరు తీశారో చెప్పలేదు. ఆమె ఏం కనిపెడుతుందో చూడాలని.

ఆమె ఎక్స్‌రే అడగలేదు. నొప్పి ఎంతసేపు ఉంటుందని అడిగింది. నిద్రలో లేపుతుందా అని అడిగింది. లేపదన్నాను. ఈ మాట ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. తర్వాత చిన్న కడ్డీతో ఒక్కో పన్ను మీదా తట్టింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఏ పన్నూ నొప్పి పెట్టలేదు. చివరికి దూది ముక్క తీసుకుని, "చెప్పే పెడుతున్నాను, భయపడకు," అని ముక్కు పక్కన, పెదవి కొస మీద అలా తాకించింది.

మెరుపు కొట్టింది. కుర్చీలోంచి లేచిపోయాను.

ఆమె దూది పక్కన పడేసి, నా నొప్పి తగ్గేదాకా కదలకుండా నిలబడింది. "అయ్యో తల్లీ," అంది. అంతవరకూ కటువుగా ఉన్న గొంతు ఒక్కసారిగా మారింది. "నీ పళ్ళది తప్పు కాదమ్మా. ఇది ముఖానికి వచ్చే నరం నొప్పి. పళ్ళన్నీ పీకించుకున్నా పోదు. నేను దేన్నీ ముట్టుకోను. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళు."

ఊరట కలగాలి కదా? కలగలేదు. ముందుగా వచ్చింది అనుమానమే. చేతకాక ఈమె నన్ను వదిలించుకుంటోందా? లేక ఏదో పెద్ద దవాఖానాకు పంపి వాటా తీసుకుంటుందా?

"ఏ దవాఖానకు పొమ్మంటరు?" అని అడిగాను, కళ్ళలోకి చూస్తూ.

ఆమెకు అర్థమైంది. మాస్కు కిందికి లాగి నన్ను ఎగాదిగా చూసింది.

"పేరు చెప్పను. చెబితే నాకేదో ముట్టిందనుకుంటావు. ఖమ్మంలోనో, ఎక్కడో, నరాలు చూసే డాక్టరు ఎవరైనా సరే. నేను చూసిందంతా కాగితం మీద రాసిస్తాను. ఆయన కాదంటే తిరిగొచ్చి నన్ను తిట్టు."

"పన్ను పోయింది గదా మేడం... అది మంచి పన్నేనా?"

"నేను అప్పుడు చూడలేదమ్మా. చూడందాని గురించి చెప్పను," అంది.

బయటికి వచ్చి ఆ సందులో గోడకు ఆనుకుని ఏడ్చాను. ఏడవడం కూడా నొప్పే.

ఆ చలికాలమంతా

ఇంటికి వెళ్ళి నిజం చెప్పాను. డ్యూటీ అని చెప్పి వెళ్ళినందుకు లచ్చిరాం కోపగిస్తాడనుకున్నాను. "నరం నొప్పి అంటే ఉంటదా గట్లాంటిది నిజంగ?" అని మాత్రం అడిగాడు. దానికో పేరుందని విన్నాక ఆయన ముఖంలో ఏదో సడలింది. నేను నాటకమాడడం లేదని అప్పటికి గానీ ఆయనకు పూర్తిగా తెలిసిరాలేదేమో. నాకు ఊరటా కలిగింది, కోపమూ వచ్చింది. కాగితం మీద రాసి ఉంటే తప్ప నా మాట నమ్మరా?

ఖమ్మంలో నరాల డాక్టరు తలకు ఎమ్మారై స్కాన్ తీయించాడు. ఆ గొట్టంలో పడుకుని, ఇది కూడా ఎవరి లాభానికో అనుకుంటూనే ఉన్నాను. డాక్టరమ్మ చెప్పిందే ఆయనా చెప్పాడు. లోపల భయపడవలసిన గడ్డలేవీ లేవన్నాడు. గోళీలు రాశాడు. వాటితో మొదట్లో కళ్ళు తిరిగేవి, మాట ముద్దగా వచ్చేది. పట్టపగలే నిద్ర ముంచుకొచ్చేది. డిపోలో సెలవు పెట్టాను. అత్త నన్ను చిన్నపిల్లను పట్టుకున్నట్టు చెయ్యి పట్టుకుని వాకిట్లో నడిపించేది. పక్కింటివాళ్ళ మీద పెట్టుకున్న అనుమానం మాత్రం వదల్లేదు. గోళీలతో తగ్గుతోందంటే, "వాళ్ళు చేసింది గూడ గోళీలకు తగ్గుతదేమో," అంది.

నెమ్మది నెమ్మదిగా మెరుపుల మధ్య దూరం పెరిగింది. ఒకరోజు అత్త ఏదో అంటే గట్టిగా నవ్వాను. నవ్వి చెంప పట్టుకుని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. అత్త కూడా ఊపిరి బిగబట్టి నన్నే చూస్తోంది.

డ్యూటీకి తిరిగి వెళ్ళిన రోజు దారిలో కొత్తగూడెం దవాఖానాకు వెళ్ళాను. కుర్ర డాక్టరుకు రిపోర్టు చూపించాను. గొడవ పడాలనే వెళ్ళాను. అతను చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"అప్పుడు పన్నే అనిపించింది మేడం," అన్నాడు. క్షమించమనలేదు. దబాయించనూ లేదు. చెవులు ఎర్రబడ్డాయి. తెలియక చేశాడో, తెలిసే కానిచ్చాడో ఆ ముఖంలో వెతికాను. దొరకలేదు. బస్సులో ఎందరి ముఖాలో చదివే నేను ఆ ముఖాన్ని ఇవాళ్టికీ చదవలేకపోయాను. బాలు బావను మాత్రం ఏమీ అడగలేదు. ఇప్పుడు ఆయన మా ఇంటికి వస్తే నేను చాయ్ ఇస్తాను, పక్కన కూర్చోను.

నొప్పి తగ్గాక

నొప్పి తగ్గాక అద్దంలో నోరు చూసుకుంటే కుడి పక్క చిగుళ్ళు ఉబ్బి ఉన్నాయి, రక్తం కారుతోంది. అన్ని నెలలు బ్రష్ పెట్టలేదు కదా. ఇప్పుడు నిజంగా పంటి డాక్టరు కావాలి. ఒకసారికి కాదు, ఉన్నన్నాళ్ళూ చూసే మనిషి. సత్తుపల్లికే వెళ్ళాను, లచ్చిరాంతో.

పూర్తిగా నమ్మి వెళ్ళలేదు. డాక్టరమ్మ చిగుళ్ళు శుభ్రం చేసి, కొన్ని నెలలకోసారి వస్తూ ఉండాలంటే, "అన్నిసార్లు ఎందుకు?" అన్నాను. అద్దం నా చేతికిచ్చి, ఎక్కడ గార మళ్ళీ చేరుతుందో చూపించింది. కొత్త పన్ను పెట్టించుకోవాలా అంటే, "ఇప్పుడేం తొందర? నరం సంగతి తేలనీ. తినగలుగుతున్నావు కదా," అంది. నేను వేసుకునే నరం గోళీలకూ పంటికిచ్చే మత్తు సూదికీ పడుతుందా అని అడిగితే, "కచ్చితంగా చెప్పలేను. మీ నరాల డాక్టరును కనుక్కుని చెబుతాను," అంది. వారం తిరక్కుండానే ఫోను చేసి చెప్పింది. నాకు పంటి డాక్టరు దొరికిందని అనుకున్నది ఆ ఫోను పెట్టేశాకే.

ఎవరైనా నన్నడిగితే ఇదే చెబుతాను. ఏది ఎందుకు చేస్తున్నారో అడగండి. రెండోసారి కూడా అడగండి. రెండోసారి అడిగినప్పుడు ముఖం చిట్లించే మనిషి దగ్గర నోరు తెరిచి పడుకోవద్దు. నొప్పి ఎక్కడుందో మీకంటే వాళ్ళకు ముందే తెలిసిపోతే లేచి రండి.

ఈ సంవత్సరం

మొన్న మిర్చి కోతల సమయంలో ఎడమ పక్క నొప్పి మొదలైంది. మెరుపు కాదు. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఆగకుండా పోటు. నిద్ర పట్టనివ్వలేదు. నరం నొప్పి అటు పాకిందేమోనని వణికిపోయాను. లచ్చిరాం కోతలు కూలీలకు అప్పజెప్పి నాతో సత్తుపల్లి వచ్చాడు.

డాక్టరమ్మ దూదితో తాకింది. ఏమీ కాలేదు. కడ్డీతో తడుతూ వెళ్ళి ఎడమ పక్క కింది పన్ను దగ్గరికి రాగానే అరిచాను. ఈసారి ఎక్స్‌రే తీసింది.

"ఈసారి పన్నే," అంది. "వేరు నిలువునా పగిలింది. నిలబెట్టలేను. తీసేయాలి."

పీకదని పేరు విని ఈమె దగ్గరికి వచ్చాను. ఇప్పుడు ఈమె కూడా తీసేయాలంటోంది. ఆ ఒక్క మాట వినగానే ఇన్నాళ్ళ నమ్మకం నా చేతుల్లోంచి జారిపోయినట్టయింది.

నేను అడిగేలోపే లచ్చిరాం లేచి నిలబడ్డాడు. "ఎందుకు మేడం? ఇంకో తొవ్వ లేదా? పగిలిందని ఎట్ల తెలుస్తది? ఏదీ, చూపియ్యండి," అన్నాడు. డాక్టరు ముందు నోరెత్తని మనిషి.

డాక్టరమ్మ ముఖం చిట్లించలేదు. ఎక్స్‌రే వెలుగుకు పట్టి, బాగున్న పన్ను వేరు ఎలా ఉందో ముందు చూపి, తర్వాత దీన్ని చూపించింది. సన్నటి గీత. ఈసారి నాకూ కనబడింది, ఆయనకూ కనబడింది. పన్ను పక్కన చిగురు ఎంత లోతుకు జారిందో కడ్డీతో కొలిచి చూపించింది.

"అనుమానముంటే దీన్ని పట్టుకెళ్ళి ఇంకొకరికి చూపించండి. నొప్పికి మందిస్తాను. పన్ను ఎక్కడికీ పారిపోదు," అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా ఎవరి పిల్లో నోట్లో వేలు పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

"ఏమంటవ్?" అన్నాడు లచ్చిరాం. "నీ నోరు, నీ ఇష్టం. పోదామంటే పోదాం."

ఆలోచించాను. వద్దని చెప్పిన రోజున ఈమెకు నా వల్ల ఏమీ రాలేదు. ఇంకొకరి దగ్గరికి పొమ్మని చెప్పడానికి ఇవాళా భయపడలేదు. ఇంకా ఏం కావాలి నాకు? లేచి లోపలికి వెళ్ళాను.

"తీయండి మేడం," అన్నాను.

సూది వేస్తున్నంతసేపూ లచ్చిరాం నా పాదం పట్టుకుని నిలబడ్డాడు. పని తొందరగానే అయిపోయింది. డాక్టరమ్మ పన్ను కడిగి నా అరచేతిలో పెట్టింది. నోట్లో దూది కుక్కి ఉంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో తిప్పి చూశాను. వేరు పొడవునా నల్లటి పగులు, గోరు పెడితే దిగుతోంది. లచ్చిరాం నా చేతిలోంచి తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని తానూ చూశాడు.

"నిజమే," అన్నాడు.

డాక్టరమ్మ గ్లౌజులు విప్పుతూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ ముఖంలో నవ్వు చూడడం అదే మొదటిసారి.

"అయిందా మీ తనిఖీ?" అంది.

అయిందని తలూపాను.